రెండు లీటర్ల పాత్ర

జుబైల్‌లో రాత్రి తొమ్మిదిన్నర.
గదిలో కిటికీ ఏసీ ఒక్కటే మాట్లాడుతోంది.
పై బంకు మీంచి ముందు ఒక కాలు,
దాని వెనక లింబాద్రి,
అతని వెనక నోటుబుక్కు దిగాయి.

"సారూ, పండుకోలే గద?"

నేను సారును కాను.
ల్యాబులో సిలిండరు మూతి బిగించి, శాంపిలు పట్టి,
తెరమీద గీత ఎక్కడ లేచిందో రాసుకునేవాణ్ణి.
అతను ఇన్సులేషన్ మనిషి.
అమ్మోనియా ప్లాంటులో పైపులకి రాతిదూది చుట్టి
పైన అల్యూమినియం రేకు దర్జీలా బిగిస్తాడు.
పదకొండేళ్ళుగా ఆ రియాక్టరుకు చొక్కాలు తొడుగుతున్నాడు,
దాని కడుపులో ఏం జరుగుతుందో
ఎవరూ చెప్పలేదు.
ఇప్పుడు, నలభై రెండో ఏట,
ఓపెన్ ఇంటర్‌కి ఫీజు కట్టాడు.

లెక్క ఇది:
రెండు లీటర్ల పాత్ర.
ఒక మోల్ నైట్రోజన్, మూడు మోల్స్ హైడ్రోజన్.
సమతాస్థితి కుదిరాక చూస్తే ఒక మోల్ అమ్మోనియా.
స్థిరాంకం ఎంత?

అమ్మోనియా ఒకటి పుట్టాలంటే
నైట్రోజన్‌లో సగం ఖర్చు, హైడ్రోజన్‌లో ఒకటిన్నర.
అక్కడిదాకా వేళ్ళు మడుస్తూ తనే వచ్చాడు.
"మిగిలింది సగం, ఒకటిన్నర. పుట్టింది ఒకటి."
ఒకటిన్నరకు ఘనం కట్టడం కూడా మరవలేదు.
భాగిస్తే వచ్చింది
సున్నా పాయింట్ ఐదు తొమ్మిది.
పుస్తకం వెనక జవాబు
రెండు పాయింట్ మూడు ఏడు.

"బుక్కే తప్పు," అన్నాడు.

నేను గది చుట్టూ చూశాను.
నలుగురికని కట్టిన గది. ఎనిమిది బంకులు.
తలుపు వెనక ఒక్క మేకుకే ఐదు కవరాళ్ళు.
"లింబాద్రీ, ఎనిమిది మందిమి ఉన్నం అంటే చాలునా?
ఎంత గదిల ఉన్నమో చెప్పొద్దా?"

కాసేపు ఏసీయే మాట్లాడింది.

తర్వాత ప్రతి అంకెనూ రెండుతో భాగించాడు.
పావు. ముప్పావు. సగం.
సగానికి వర్గం కడితే పైన పావు,
కింద నైట్రోజన్ పావు,
రెండూ కొట్టేసుకుపోయాయి.
ముప్పావు ఘనానికి రెండుసార్లు తప్పిపోయి
మూడోసారి దొరికాడు:
రెండు పాయింట్ మూడు ఏడు.
దాని కింద రెండు గీతలు గీశాడు, ఒకటి వంకర.

"సమతాస్థితి అంటే ఆగిపోవుడేనా?"
కాదన్నాను. మన బస్సు నలభై మందిని ఎక్కించుకపోతది,
నలభై మందిని దించుతది.
వాచ్‌మన్ రిజిస్టర్ల అంకె మారదు.
అట్లని ఎవడన్నా కూసున్నడా?

"ఇంకో నలుగుర్ని తెచ్చి ఈ గదిలనే ఏస్తే?"
"లోపల సర్దుకుంటది. స్థిరాంకం మారదు."
"మరి దేనికి మారుతది?"
"వేడికి."
నవ్వాడు. "అయితే ఆగస్టుల అడుగుత."

వేడి పెరిగితే అమ్మోనియా మళ్ళీ విడిపోతది,
వేడి లేకుంటే అసలు కలవనే కలవదు అన్నాను.
"రెంటి నడుమ ఎంతల నడిపిస్తరు?"
"నాలుగువందల యాభై డిగ్రీలు, అటిటు."
"ఔ. ఆ పైపు నాకెరుకే."
మోచేతి కింద నున్నటి మచ్చ
లైటు వైపు తిప్పి చూపించాడు,
హాల్‌టికెట్టు చూపించినట్టు.

నాలుగూ పదికి అతని బస్సు పోయింది.
దుప్పటి చల్లారకముందే
రాత్రి షిఫ్టు దిగిన గోరఖ్‌పూర్ కుర్రాడు
అదే బంకెక్కి, తలకింద నోటుబుక్కు తగిలితే
చూడకుండా గోడవైపు నెట్టాడు.

ఉక్కగా ఉందని లేచి
ఏసీ నాబు కాస్త చల్లకి తిప్పాను.
ఎవరో, కళ్ళు తెరవకుండానే,
చెయ్యి చాపి
సగం వెనక్కి తిప్పారు.